జైమో, బుచ్: ఒక బ్యాండ్, రెండు డ్రమ్ సెట్లు

అక్క: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మనం అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు వెళ్తున్నాం. జార్జియా, అలబామా, ఫ్లోరిడా, మిసిసిపీ. అక్కడ 1969లో పుట్టిన ఒక బ్యాండ్, అందులో పక్కపక్కనే కూర్చుని వాయించిన ఇద్దరు డ్రమ్మర్లు. ఆ ఇద్దరిలో ఒకాయన పేరు జైమో. ఇవాళ ఎక్కువగా ఆయన గురించే. నేను మృదంగం నేర్చుకున్నదాన్ని, మా తమ్ముడికి రాక్ అంటే ప్రాణం. కాబట్టి కథ వాడు చెబుతాడు, లెక్క వచ్చినచోట నేను అడ్డుపడతాను.

తమ్ముడు: అడ్డుపడు అక్కా. ఈ కథలో లెక్క చాలా ముఖ్యం.

అక్క: ముందు సదరన్ రాక్ అంటే ఏంటో చెప్పు. ఆ పేరు విననివాళ్లు ఉంటారు.

తమ్ముడు: బ్లూస్, కంట్రీ, సోల్, వీటన్నిటికీ పుట్టిల్లు అమెరికా దక్షిణాదే. 1960ల చివర్లో అక్కడి కుర్రాళ్లు వీటన్నిటినీ కలిపి, ఎలక్ట్రిక్ గిటార్ల మీద గట్టిగా, చాలాసేపు వాయించడం మొదలుపెట్టారు. దానికి సదరన్ రాక్ అనే పేరు స్థిరపడింది. ఈ బ్యాండ్ గాయకుడు గ్రెగ్ ఆల్మన్‌కి ఆ పేరు నచ్చేది కాదు. రాక్ పుట్టిందే దక్షిణాదిలో, మళ్లీ ముందు సదరన్ అని తగిలించడం ఎందుకు అనేవాడు.

అక్క: బ్యాండ్ పేరు ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్. అంటే అన్నదమ్ముల బ్యాండ్.

తమ్ముడు: అవును. అన్న డువేన్, తమ్ముడు గ్రెగ్. ఎవరు ఈ బ్యాండ్ గురించి మాట్లాడినా డువేన్ గిటార్ గురించే మాట్లాడతారు. మాట్లాడాలి కూడా, అలాంటి వాయింపు అది. కానీ ఆ గిటార్ ఇరవై నిమిషాలు ఎటు కావాలంటే అటు తిరిగి మళ్లీ సరిగ్గా ఇంటికి వచ్చేదంటే, కింద ఆ ఇద్దరు డ్రమ్మర్లు ఉండబట్టే. ఆ సంగతి తగినంతగా చెప్పుకోరని నా బాధ. ఇంకో విషయం తెలుసా? ఈ బ్యాండ్‌లోకి డువేన్ ఎంచుకున్న మొట్టమొదటి మనిషి జైమో. గ్రెగ్ ఇంకా లాస్ ఏంజిలిస్‌లోనే ఉన్నాడు. సొంత తమ్ముడి కంటే ముందు డ్రమ్మర్ వచ్చాడు.

అక్క: అయితే ఆయన దగ్గర్నుంచే మొదలుపెట్టు. ఎక్కడివాడు?

తమ్ముడు: మిసిసిపీ రాష్ట్రం. 1944 జులై 8న ఓషన్ స్ప్రింగ్స్‌లో పుట్టాడు, గల్ఫ్‌పోర్ట్‌లో పెరిగాడు. రెండూ సముద్రతీరపు ఊళ్లే. తర్వాత జై జోహానీ జోహాన్సన్ అని పేరు మార్చుకున్నాడు, దోస్తులకి జైమో. నల్లజాతివాడు. మనసంతా జాజ్ మీదే. మాక్స్ రోచ్, ఎల్విన్ జోన్స్ లాంటి డ్రమ్మర్లను వింటూ పెరిగినవాడు. కానీ బతుకుతెరువు మాత్రం సోల్, రిథమ్ అండ్ బ్లూస్. 1966లో సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ వెనకాల టూర్లు చేశాడు. పెర్సీ స్లెడ్జ్ దగ్గర, జో టెక్స్ దగ్గర కూడా వాయించాడు.

అక్క: ఓటిస్ రెడ్డింగ్ అంటే మామూలు మనిషి కాదు. ఆయన దగ్గర వాయించినవాడికి డబ్బుకేం లోటు ఉంటుందనుకుంటాం.

తమ్ముడు: అదే కదా. స్టేజీ మీద వెలుగంతా గాయకుడికి, వెనకాల వాయించేవాళ్లకి చిల్లర. చివరికి జైమోకి విసుగొచ్చింది. ఎలాగూ ఆకలితో చావాల్సిందే అయితే ఇష్టమైన జాజ్ వాయిస్తూ చద్దాం, న్యూయార్క్ వెళ్లిపోదాం అనుకున్నాడు. ఆ మాట ఇంటర్వ్యూల్లో ఆయనే చాలాసార్లు చెప్పాడు. సరిగ్గా అప్పుడే, అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోలో ఎవరో తెల్ల కుర్రాడు అద్భుతంగా గిటార్ వాయిస్తున్నాడని కబురు వచ్చింది. 1968 చివర్లో సోల్ గాయకుడు విల్సన్ పికెట్ రికార్డుకు వాయించి పేరు తెచ్చుకున్న డువేన్ ఆల్మనే ఆ కుర్రాడు. మంచి డబ్బు కావాలంటే పోయి తెల్లవాళ్లతో వాయించమని ఒక పెద్ద డ్రమ్మర్ ఎప్పుడో చెప్పిన సలహా కూడా జైమోకి గుర్తొచ్చింది. సరే, ఒకసారి చూసొద్దామని బయల్దేరాడు.

అక్క: డబ్బు కోసం.

తమ్ముడు: డబ్బు కోసమే. తర్వాత ఏమైందో విను. మజిల్ షోల్స్‌లో డువేన్‌కి రికార్డింగ్ పని మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా ఇద్దరూ ఒక గదిలో కూర్చుని వాయించేవాళ్లు. ఒక గిటార్, ఒక డ్రమ్ సెట్, అంతే. కొన్నాళ్లకి బెరీ ఓక్లీ అనే బాస్ గిటారిస్టు వచ్చి కలిశాడు. వాయిస్తున్నకొద్దీ జైమో న్యూయార్క్ సంగతి మర్చిపోయాడు. తను వెతుక్కుంటున్న స్వేచ్ఛ అక్కడే దొరికింది ఆయనకి. ఆయనే డువేన్‌కి జాజ్ దిగ్గజాలు మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డులు వినిపించాడు. నా లెక్కలో ఆ బ్యాండ్ పుట్టింది ఆ వినికిడిలోనే. రాక్ గిటారిస్టు మూడు నిమిషాల పాట దగ్గర ఆగకుండా కోల్ట్రేన్‌లాగా ఒకే రాగఛాయ మీద పది, పదిహేను నిమిషాలు తిరగొచ్చని నేర్చుకున్నాడు.

అక్క: మనకి ఆలాపన, స్వరకల్పన ఉన్నాయి కాబట్టి అది కొత్తగా అనిపించదు. వాళ్లకి అప్పట్లో పెద్ద మార్పే అయి ఉంటుంది. సరే, రెండో డ్రమ్మర్ ఎలా వచ్చాడు?

తమ్ముడు: డువేన్‌కి మొదటినుంచీ ఇద్దరు డ్రమ్మర్లు కావాలని ఉండేది. జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌లో అలా ఉండేవాళ్లు. అందుకని జైమోని వెంటబెట్టుకుని ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ వెళ్లి, బుచ్ ట్రక్స్ ఇంటి తలుపు కొట్టాడు. బుచ్ 1947లో అదే ఊళ్లో పుట్టినవాడు, డువేన్‌కి పాత పరిచయం. ఇతను నా పాత స్నేహితుడు బుచ్, ఇతను నా కొత్త డ్రమ్మర్ జైమో అని ఇద్దరికీ పరిచయం చేసి, డువేన్ తన దారిన తను వెళ్లిపోయాడు. జైమోని అక్కడే వదిలేసి!

అక్క: అయ్యో, బుచ్ ఏమన్నాడు?

తమ్ముడు: ఏమీ అనలేకపోయాడు. పైగా జైమో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కండలు తిరిగిన మనిషి, నల్ల కళ్లజోడు. బుచ్ ఈ విషయం ఎంతో నిజాయితీగా చెప్పుకున్నాడు. దక్షిణాదిలో తెల్లవాళ్ల ఇంట్లో పుట్టి పెరిగిన తను అప్పటిదాకా ఒక నల్లజాతి మనిషితో దగ్గరగా మసలింది లేదట. అలాంటిది జైమో రెండు వారాలు వాళ్లింట్లోనే ఉండిపోయాడు. ఆ రెండు వారాలు తన ఆలోచనలనే మార్చేశాయని బుచ్ చివరిదాకా చెప్పేవాడు. మాటల్లేకుండా రెండు డ్రమ్ సెట్లు వేసుకుని వాయించుకుంటూ ఉంటే స్నేహం కలిసింది.

అక్క: నువ్వు మొన్న ఇంకో సంగతి చెప్పావు, డువేన్ బుచ్‌ని రెచ్చగొట్టాడని. అది చెప్పు, వాయించే ప్రతివాళ్లూ వినాల్సింది అది.

తమ్ముడు: బుచ్‌కి తన మీద తనకి నమ్మకం తక్కువ ఉండేదట. ఒకరోజు అందరూ కలిసి వాయిస్తున్నారు, ఏదీ కుదరట్లేదు. బుచ్ వెనక్కి తగ్గి, జాగ్రత్తగా, పొడిపొడిగా వాయిస్తున్నాడు. డువేన్ గిరుక్కున వెనక్కి తిరిగి, బుచ్ కళ్లల్లోకి చూస్తూ గిటార్ మీద ఒక సంగతి విసిరాడు. దమ్ముంటే జవాబు చెప్పమన్నట్టు. బుచ్ ఇంకా ముడుచుకుపోయాడు. డువేన్ మళ్లీ విసిరాడు. మళ్లీ విసిరాడు. అందరి ముందూ అలా చేసేసరికి బుచ్‌కి ఒళ్లు మండి, డువేన్‌ని కొడుతున్నట్టే డ్రమ్ముల మీద బాదడం మొదలుపెట్టాడు. అంతే, పాట లేచింది. అప్పుడు డువేన్ ఒక అడుగు వెనక్కి వేసి, నవ్వి, అదీ అలా వాయించాలి అన్నాడు. ఆ రోజు నుంచి బుచ్‌కి మళ్లీ ఆ భయం రాలేదు.

అక్క: నాకు మా గురువుగారు గుర్తొచ్చారు. వెనక కూర్చుని లెక్క తప్పకుండా చూసుకుంటే చాలదు, నువ్వు ఇక్కడ ఉన్నావని తెలియాలి అనేవారు. సరే, అసలు విషయానికి వస్తాను. కచేరీలో మృదంగం, ఘటం కలిసి వాయిస్తాయి కదా. అక్కడ మృదంగం ముందు నడుస్తుంది, ఘటం దాన్ని పట్టుకుని నడుస్తుంది. ఎవరు పెద్ద అనేది స్పష్టం. వీళ్లిద్దరిలో ఎవరు పెద్ద?

తమ్ముడు: ఎవరూ కాదు. అందులోనే ఉంది గొప్పతనం. బుచ్‌ని అభిమానులు గూడ్స్ రైలు అనేవాళ్లు. ఒకసారి కదిలాడంటే బరువుగా, సూటిగా, ఆగకుండా పోతూనే ఉంటాడు. జైమో ఆ నడక చుట్టూ వాయిస్తాడు. ఖాళీలు వెతుక్కుని అక్కడ ఒక దెబ్బ, గిటార్ చెప్పినదానికి ఒక జవాబు, సింబల్ మీద జాజ్ నడక. కొన్నిచోట్ల కాంగాలు, టింబేల్స్ అనే లాటిన్ డ్రమ్ములు కూడా వాయిస్తాడు. బుచ్ టింపనీ తెస్తాడు, అది ఆర్కెస్ట్రాల్లో వాడే పెద్ద డ్రమ్. ఇద్దరూ ఒకటే వాయిస్తే చప్పుడు పెరుగుతుందంతే. వీళ్లు చెరొకటి వాయించి ఒకే లయ వినిపించారు.

అక్క: ఇద్దరు డ్రమ్మర్లు ఉన్నప్పుడు దెబ్బ మీద దెబ్బ సరిగ్గా పడకపోతే వినేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా చిందరవందర అవుతుంది. అంటే వీళ్లు చేతులతో కంటే చెవులతో ఎక్కువ పని చేశారన్నమాట.

తమ్ముడు: పైగా 1970లో దాదాపు 300 షోలు చేశారు. ఆ సాధన ఊరికే పోతుందా? ఇప్పుడు నీ లెక్క వచ్చింది. విప్పింగ్ పోస్ట్ అని గ్రెగ్ రాసిన పాట. మొదలు బెరీ ఓక్లీ బాస్ ఒక్కటే వినిపిస్తుంది. నీకు నిన్న వినిపించాను కదా, ఏమని లెక్కపెట్టావు?

అక్క: పదకొండు. తకిట తకిట తకిట తక. మూడు మూళ్లు తొమ్మిది, రెండు పదకొండు. మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో కాలు తడబడినట్టు ఉంటుంది, మూడోసారికి చెయ్యి దానంతటదే వేసేస్తుంది.

తమ్ముడు: గ్రెగ్‌కి అది పదకొండని తెలియదు! తను మూడేసి చొప్పున మూడుసార్లు, తర్వాత మళ్లీ ఎత్తుకోవడానికి రెండు అనుకున్నాడంతే. నీకు పదకొండు లెక్క తెలుసని నాకు తెలియదే అని డువేన్ అంటే, అదేంటని తిరిగి అడిగాడట.

అక్క: అసలు అందం ఎక్కడుందో చెప్పనా? మాట మొదలవగానే, అంటే గ్రెగ్ పాడటం మొదలుపెట్టగానే, అది పన్నెండు అయిపోతుంది. తకిట నాలుగుసార్లు. అంటే మొదట్లో ప్రతి ఆవృత్తంలోనూ ఒక అక్షరం తక్కువ. ఆ తక్కువ వల్ల ముందుకు తోసినట్టు ఉంటుంది, ఊపిరి తీసుకోనివ్వదు. పాడే దగ్గరికి రాగానే ఆ పన్నెండోది దొరుకుతుంది, మనసు కుదుటపడుతుంది. తర్వాత మళ్లీ పదకొండు వచ్చి లాగేసుకుంటుంది. ఇద్దరు డ్రమ్మర్లు, బాస్, రెండు గిటార్లు, ఆర్గన్, అంతమందీ కలిసి ఆ ఒక్క అక్షరాన్ని ఒకే క్షణంలో వదిలేయాలి, మళ్లీ ఒకే క్షణంలో పట్టుకోవాలి. తాళం వేస్తూ వింటే వాళ్ల కష్టం తెలుస్తుంది.

తమ్ముడు: ఆ పాటని న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో 1971 మార్చి 12, 13 తేదీల్లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌లో వినాలి. టామ్ డౌడ్ నిర్మాత. డబుల్ ఎల్పీ, అంటే రెండు పెద్ద గ్రామఫోన్ రికార్డులు, మొత్తం 7 పాటలే. విప్పింగ్ పోస్ట్ ఒక్కటే ఒక వైపు మొత్తం, దాదాపు 23 నిమిషాలు. ఆ ఆల్బమ్ జులైలో వచ్చింది.

అక్క: వీళ్లు ఉండేది ఎక్కడ? న్యూయార్క్ కాదు కదా.

తమ్ముడు: జార్జియాలోని మేకన్. ఓటిస్ రెడ్డింగ్ పెరిగిన ఊరు. ఓటిస్ మేనేజర్ ఫిల్ వాల్డెన్‌దే ఈ బ్యాండ్‌ని నిలబెట్టిన క్యాప్రికార్న్ రికార్డ్స్. ఓటిస్ 1967లో విమాన ప్రమాదంలో పోయాక వాల్డెన్ తన నమ్మకం అంతా డువేన్ మీద పెట్టాడు. అక్కా, 1969లో మేకన్‌లో జుట్టు పెంచుకున్న ఐదుగురు తెల్ల కుర్రాళ్లు, ఒక నల్లజాతి డ్రమ్మర్ కలిసి ఒకే ఇంట్లో ఉండటం అంటే చిన్న విషయం కాదు. హోటళ్లలో నల్లవాళ్లని వేరు పెట్టడం చట్టరీత్యా ఆగి అప్పటికి 5 ఏళ్లే. చట్టం మారినంత తొందరగా మనుషులు మారరు కదా.

అక్క: అక్కడే కదా ఆ మెస్ కథ!

తమ్ముడు: హెచ్ అండ్ హెచ్ అని ఒక చిన్న హోటల్. నల్లజాతి మహిళలు నడిపేవాళ్లు. లూయీస్ హడ్సన్ అని ఒకావిడ, అందరూ మామా లూయీస్ అనేవాళ్లు. వీళ్ల దగ్గర డబ్బుల్లేక ఒకటి రెండు ప్లేట్లు చెప్పి అందరూ పంచుకోబోతే, ఆవిడ చూసి తలా ఒక ప్లేటు నిండా వడ్డించింది. ఫ్రైడ్ చికెన్, కూరలు. తర్వాత కూడా డబ్బు ఉన్నా లేకపోయినా పెట్టింది. పేరొచ్చాక వీళ్లు మర్చిపోలేదు, 1972లో ఆవిడని తమతోపాటు టూర్‌కి తీసుకెళ్లారు. నాకు ఈ బ్యాండ్ మీద గౌరవం పెరిగింది ఆ సంగతి తెలిశాకే.

అక్క: ఆ తర్వాత కష్టకాలం.

తమ్ముడు: వరసగా. ఫిల్మోర్ ఆల్బమ్‌కి గోల్డ్ రికార్డు వచ్చిన ఆ అక్టోబరులోనే, 1971 అక్టోబరు 29న, మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డువేన్ పోయాడు. 24 ఏళ్లు. ఏడాది దాటి రెండు వారాలైనా కాకముందే, 1972 నవంబరు 11న బెరీ ఓక్లీ. ఆయన వయసూ 24. అదే ఊరు, అదీ మోటార్‌సైకిల్ ప్రమాదమే. ఇద్దరినీ రోజ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే ఉంచారు. డువేన్ అంత్యక్రియల్లో మిగిలినవాళ్లు వాయించారు. ఇక దాని గురించి ఎక్కువ చెప్పలేను అక్కా.

అక్క: చెప్పకు. బెరీ స్థానంలో ఎవరొచ్చారు?

తమ్ముడు: ఇక్కడ మళ్లీ జైమో. బాస్‌కి ఆయన తెచ్చింది లామర్ విలియమ్స్‌ని, గల్ఫ్‌పోర్ట్‌లో చిన్ననాటి స్నేహితుడు. వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినవాడు, నల్లజాతివాడు. అంటే పియానో వాయించే చక్ లెవెల్‌తో కలిపి ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు నల్లవాళ్లు. బెరీ పోకముందే ఆయన బాస్‌తో రికార్డు చేసిన రాంబ్లిన్ మ్యాన్ 1973లో పాప్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ ఏడాది జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో మరో రెండు బ్యాండ్లతో కలిసి వాయిస్తే దాదాపు 6 లక్షల మంది వచ్చారని అంచనా. తర్వాత కొన్ని సదరన్ రాక్ బ్యాండ్లు స్టేజీ వెనక కాన్ఫెడరేట్ జెండా కట్టుకున్నాయి, బానిసత్వం కోసం పోరాడినవాళ్ల జెండా. ఆ జెండా చూసి ఈ సంగీతం తెల్లవాళ్ల సొత్తు అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, మొదటి రోజు నుంచి డ్రమ్స్ దగ్గర ఎవరు కూర్చున్నారో చూడండి.

అక్క: ఆ మాట ఇంకోసారి చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

తమ్ముడు: అంత డబ్బు, పేరు వచ్చాక మత్తుమందులు, గొడవలు. 1976లో డ్రగ్స్ కేసులో గ్రెగ్ తమ మనిషికే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు, బ్యాండ్ విడిపోయింది. జైమో, లామర్, చక్ లెవెల్ కలిసి సీ లెవెల్ అనే బ్యాండ్ పెట్టుకున్నారు. 1978లో పాతవాళ్లు మళ్లీ కలిశారు. అయితే 1980లో డబ్బు వ్యవహారాల దగ్గర మాట తేడా వచ్చి జైమోనే తీసేశారు. బ్యాండ్‌లో మొట్టమొదట చేరిన మనిషిని! నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రెండేళ్లకే, 1982లో, ఆ బ్యాండ్ కూడా మూతపడింది. లామర్ 1983లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు.

అక్క: మరి బుచ్, జైమో మళ్లీ పక్కపక్కన ఎప్పుడు కూర్చున్నారు?

తమ్ముడు: 1989లో. అప్పట్నుంచి పాతికేళ్లు విడిపోలేదు. 1991లో మార్క్ కినోనెస్ అనే పెర్కషనిస్టు వచ్చి చేరాడు, అప్పుడు లయ వైపు ముగ్గురు. 1999లో బుచ్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ గిటార్‌కి వచ్చాడు. న్యూయార్క్‌లోని బీకన్ థియేటర్‌లో దాదాపు ప్రతి మార్చిలోనూ వారాల తరబడి వాయించేవాళ్లు. ఆఖరి కచేరీ కూడా అక్కడే, 2014 అక్టోబరు 28. అర్ధరాత్రి దాటేదాకా వాయించారు, అంటే డువేన్ పోయిన తేదీలోకి వచ్చేశారు.

అక్క: ఇప్పుడు ఎవరున్నారు?

తమ్ముడు: 2017 జనవరిలో బుచ్, మేలో గ్రెగ్ పోయారు. రెండో గిటారిస్టు డికీ బెట్స్ 2024 ఏప్రిల్‌లో. మొదటి ఆరుగురిలో మిగిలింది జైమో ఒక్కడే. మధ్యలో సొంతంగా జాజ్ బ్యాండ్ నడిపాడు, న్యూయార్క్ కల అలా తీర్చుకున్నాడేమో. 2020 మార్చి 10న, కరోనాకి అంతా మూసేయడానికి కాస్త ముందు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 50 ఏళ్ల పండగ కచేరీకి 75 ఏళ్ల వయసులో డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు.

అక్క: వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇరవై మూడు నిమిషాలంటే కొందరు భయపడతారు.

తమ్ముడు: అదే ఫిల్మోర్ ఆల్బమ్‌లో ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్ వినండి. డికీ బెట్స్ రాసింది, మాటల్లేవు, 13 నిమిషాలు. మొదటిసారి గిటార్లు వినండి, ఎలాగూ ఆపుకోలేరు. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్లని పక్కన పెట్టి కింద ఏం జరుగుతోందో వినండి. సూటిగా పోయేది బుచ్, చుట్టూ తిరిగేది జైమో. కాసేపటికి ఇద్దర్నీ విడివిడిగా పట్టుకోగలుగుతారు.

అక్క: విప్పింగ్ పోస్ట్ ధైర్యం చేసి విన్నవాళ్లు తకిట తకిట తకిట తక వేస్తూ వినండి. పన్నెండోది ఎక్కడ దొరికిందో మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ ఉత్తరాలు చదువుతాం, తర్వాత మజిల్ షోల్స్ స్టూడియోల్లో వాయించిన మిగతా వాళ్ల సంగతి.